పొట్లచెరువు నుండి యాచారం దాకా

కళాశాలల్లో వక్తృత్వపు పోటీలు పెట్టినప్పుడల్లా ఒక విషయం తప్పక వస్తూ వుంటుంది: పర్యావరణ రక్షణా, ఆర్థికాభివృద్ధా? సగంమంది విద్యార్థులు చెట్ల పక్షానా, సగంమంది కార్ఖానాల పక్షానా నిలబడి పది నిమిషాలలో సంగతి తేల్చివేస్తారు. వారిని తప్పు పట్టనక్కర లేదు. పత్రికలూ, మంత్రులూ, తరచుగా మన పక్షం వారు సైతం ఈ సమస్యను ఇట్లాగే తక్కెడలో పెడుతున్నారు. ఆ తక్కెడ ఎవరి చేతిలో వున్నదని మాత్రం అడిగేవారు తక్కువ. ఇబ్రహీంపట్నం ప్రాంతపు చరిత్రను కొంచెం పరిశీలిస్తే ఆ ప్రశ్న అడగక తప్పదు.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ప్రకృతి ప్రసాదించినది కాదు, మనుషులు కట్టినది. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరనే ఊరు వెలసింది, ఆయన కాలంలోనే చెరువూ ఏర్పడింది. మన సాహిత్య విద్యార్థులకు ఈయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి చేత తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితం పొందినవాడు. సాహిత్య చరిత్రకారులు కృతుల మాట చెప్పి కట్టల మాట వదలివేస్తారు. కాని కవులను పోషించిన ప్రభువుకు ఆ సొమ్ము ఎక్కడిది? ఇటువంటి చెరువుల కింద పండిన పంట మీద శిస్తుది. ఆ రోజులకు చెరువే పెద్ద పరిశ్రమ. ఎంతో కొంత భూమిని ముంచకుండా ఏ చెరువూ ఏర్పడదు గనుక, అభివృద్ధి అంటేనే ప్రకృతికి శత్రువనే వారు ముందుగా ఈ కట్ట మీద నిలబడి ఆలోచించాలి.

అట్లాగని పాత చెరువుల్ని తలచుకొని స్వర్ణయుగ గానం చేయడమూ సరికాదు. ఈ ధోరణి ఈమధ్య మరీ ఎక్కువైంది. హైదరాబాదు చుట్టూ వున్న అత్రాఫ్ బల్దా జిల్లా నిజాం సొంత ఇలాకా. ఆ సర్ఫ్-ఎ-ఖాస్ 1949లో గాని పోలేదు. తెలంగాణంలో చెరువు కట్టకు మట్టి మోసిన చేతులు చాలాచోట్ల వెట్టి చేతులే. తూముకు దగ్గరి మాగాణి దొరలది. నీరు అందీ అందని ఆయకట్టు చివరి మడి బీదరైతుది. అయినా ఆ దోపిడీ విధానంలో ఒక నియమం వుండేది: చెరువు నిండకపోతే శిస్తు రాలదు. స్వార్థం కొద్దీ అయినా పాలకుడు వాగునూ, కాలువనూ, అలుగునూ కాపాడుకోక తప్పేది కాదు. వరి మీద వచ్చే ఆదాయం కన్న ఇంటిస్థలం ధర పెరిగిననాడు ఆ స్వార్థమే తిరగబడింది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చి, ఆదిబట్లలో విమాన భాగాల కర్మాగారాలూ, కంప్యూటరు కంపెనీలూ వెలసిన తరువాత, చెరువు నిండడం కంటె ఎండడమే లాభసాటి అయినవారొక వర్గంగా ఏర్పడ్డారు. వాగులకు అడ్డంగా వెంచర్లు లేచినవి. ఇక్కడ ప్రకృతిని దెబ్బతీసింది ఉత్పత్తి కాదు, ఏమీ ఉత్పత్తి చేయని భూమి వ్యాపారం. ఈ భేదాన్ని మన వక్తలు ఉభయులూ గమనించడం లేదు.

ఉత్పత్తే దెబ్బతీసిన ఉదాహరణ నగరానికి ఆవలి వైపున వున్నది. ఇబ్రహీం కొలువులోని అమీన్‌ఖాన్‌ది పొట్లచెరువు. పొన్నిగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అంకితమిచ్చింది ఇతనికే. ఆ పొట్లచెరువే నేటి పటాన్‌చెరు. కావ్యం నుండి సంస్కృతాన్ని వడగట్టిన ఆ ఊరి వాగు నీటిలో నేడు వడగట్టవలసినది వేరు.

దీనికొక పూర్వకథ వున్నది. 1961లో ప్రభుత్వరంగంలో ఐ.డి.పి.ఎల్. ఏర్పడింది, సోవియట్ సహాయంతో హైదరాబాదులో దాని మందుల కర్మాగారం వెలసింది. 1970 పేటెంట్ల చట్టం మందు వస్తువు మీద గుత్తహక్కును తొలగించింది. ఈ రెండింటి ఫలితంగా దేశంలో మందులు చౌక అయినవి. బీదవాని ఇంటికి మాత్ర చేరింది. ఇది నిజమైన అభివృద్ధి. దీన్ని మనము కోరుకున్నాము, కోరుకోవడం తప్పు కాదు. కాని ఆ విద్య నేర్చి పెరిగిన ప్రయివేటు కంపెనీల వ్యర్థజలం పటాన్‌చెరు వద్ద నక్కవాగులో కలిసి పొలాలను పాడుచేసింది. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం వదిలిన నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ కనిపించింది. ఆ మందు పుచ్చుకున్న రోగి రక్తంలో వుండే మోతాదు కన్న అది ఎక్కువ! చివరకు 18 కిలోమీటర్ల గొట్టం వేసి ఆ నీటిని అంబర్‌పేట వైపు మళ్ళించారు. మంజీర కష్టం మూసీకి బదిలీ అయింది. మందు చౌక కావడానికి కారణం పేటెంట్ల చట్టం ఒక్కటే కాదు. నక్కవాగు రైతు నష్టం ఏ కంపెనీ జమాఖర్చులోనూ ఎక్కలేదు.

తరువాతి బదిలీ యాచారానికి. నగరంలోని కాలుష్య పరిశ్రమలను వలయరహదారి అవతలికి తరలించాలన్న ఆలోచనతో కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాలలో 19 వేల పైచిలుకు ఎకరాల ఫార్మా సిటీని తలపెట్టారు. 2018లో పర్యావరణ అనుమతి వచ్చింది. చుక్క వ్యర్థజలం బయటకు పోదన్నారు. పటాన్‌చెరు చూసినవారు నమ్మలేదు. పైగా ఆ భూములలో దళితులకూ, వెనుకబడిన కులాలవారికీ ప్రభుత్వమే పంచిన అసైన్డు భూములు వున్నవి. ఒకనాడు భూసంస్కరణ పేర ఇచ్చినదాన్ని ఇంకొకనాడు అభివృద్ధి పేర తిరిగి తీసుకోవడమన్నమాట.

ఇక్కడ మన సంగతీ కొంత చెప్పుకోవాలి. అభ్యుదయ సాహిత్యం చాలాకాలం ఆనకట్టలకూ, పొగగొట్టాలకూ జేజేలు పలికింది. 1966లో విశాఖ ఉక్కు కోసం ప్రజలు ప్రాణాలిచ్చారు. ఆ ఉక్కుకు భూములిచ్చిన పల్లెల మీద మనము వ్రాసింది బహుస్వల్పం. ఎంగెల్స్ అటువంటి తొందరపాటును ఏనాడో హెచ్చరించాడు: మెసొపొటేమియా, గ్రీసు దేశాలలో సాగు కోసం అడవులు నరికినవారు తెలియకుండానే తమ దేశాలను ఎడారులుగా మార్చుకున్నారని చూపించాడు. ఆ పుటను మనము విద్యార్థులకు చెప్పలేదు.

2013 భూసేకరణ చట్టం నష్టపోయేవారిలో పట్టాదారునే గాక కౌలుదారునూ, వ్యవసాయ కూలీనీ, చేతివృత్తులవారినీ, చేపలు పట్టి బ్రతికేవారినీ చేర్చింది. వారిని లెక్కించేది సామాజిక ప్రభావ అంచనాలో. తెలంగాణ 2017లో తెచ్చిన సవరణ కొన్నిరకాల పథకాలను ఆ అంచనా నుండి మినహాయించడానికి వీలు కల్పించింది. అనగా భూమి లేనివాడు పరిహారం దాకా వెళ్ళడం అటుంచి, లెక్కలోకే రాకుండా పోవచ్చు. పర్యావరణవాది చెట్టును లెక్కిస్తాడు, పెట్టుబడిదారు ఎకరాన్ని లెక్కిస్తాడు. మధ్యలో ఈ మనిషి జారిపోతున్నాడు.

2023 చివర ప్రభుత్వం మారింది. 2024లో ఆ ప్రాంతమే నాలుగవ నగరమైంది. 2025లో ఏడు మండలాలలోని 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. వాటిలో ఇబ్రహీంపట్నం మండలపు గ్రామాలూ వున్నవి. ఆ పల్లెలలో సొంతభూమి లేని కుటుంబాలెన్ని, ఏ చెరువు మీద ఎందరు ఆధారపడి వున్నారు అన్నది ఇల్లిల్లూ తిరిగి వ్రాసుకురావడం మన విద్యార్థులూ, అధ్యాపకులూ వచ్చే వేసవి సెలవులలో చేయగలిగిన పనే.