లెగ్ గార్డు నుంచి ఫ్రేమ్ స్లైడర్ దాకా: కాపాడేది కాలునా, బండినా?

మొన్న పండుగకు మనమంతా కలిసినప్పుడు హొసూరు కుర్రాళ్ల మధ్య ఒక వాదన నడిచింది. కొత్తగా కొన్న అపాచీ ఆర్ఆర్ 310కి స్టీలు క్రాష్ గార్డు వేయించాలా, ఫ్రేమ్ స్లైడర్లా? పక్కనే కూర్చున్న తాతగారు ఒకరు, "మా బుల్లెట్‌కి ఉన్నట్టు ఓ లెగ్ గార్డు బిగిస్తే సరిపోదా నాయనా" అన్నారు. కుర్రాళ్లు నవ్వారు. నవ్వాల్సిన మాట కాదది. దాని వెనక చాలా కథ ఉంది.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్టే మన నాన్నల, తాతల తరానికి పెద్ద బండి. బరువు ఎక్కువ, వేగం తక్కువ. ఇసుకలో జారో, మలుపులో ఒరిగో పక్కకు పడేది. అప్పుడు కాలు దాని కింద నలగకుండా ఇంజను ముందు ఇనుప గొట్టం వంచి బిగించుకునేవారు. అందుకే దానికి లెగ్ గార్డు అని పేరు. అది మనిషి కాలు కోసం పుట్టింది.

మరి నిజంగా కాలును కాపాడిందా? అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఇలాంటి గార్డుల వల్ల పాదం, చీలమండ దెబ్బలు తగ్గినా తొడ, మోకాలు, పిక్క దగ్గర అంతకంత పెరిగాయని తేల్చింది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ పరిశోధకులు ప్రతి బండికీ కాళ్ల రక్షణ కవచం ఉండాలని ప్రతిపాదించారు. కాలు నిలిచినా మనిషి ఎగిరిపడే తీరు మారి తలకు ప్రమాదం పెరగొచ్చని తయారీదారులు వాదించారు. బండ్లు నడిపేవాళ్లూ ఎదురుతిరిగారు. అది చట్టం కాలేదు. ఇలాంటి పరీక్షలన్నీ ఒకే పద్ధతిలో జరగాలని 1996లో ఐఎస్ఓ 13232 ప్రమాణం వచ్చింది.

రేసు బండ్ల దారి వేరు. మద్రాసుకు ఉత్తరాన శోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద జరిగిన రేసులు మన పెద్దల్లో కొందరికి గుర్తుండే ఉంటాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. మలుపులో బండిని బాగా వంచి తిప్పాలి. పక్కకు పొడుచుకొచ్చిన గొట్టం ఉంటే అది నేలకు తగిలి చక్రాన్నే లేపేస్తుంది. పైగా రేసులో బండి పడితే అక్కడే ఆగదు, జారుతూ పోతుంది. అందుకని తగిలి ఆపే గొట్టం కాకుండా, అరుగుతూ జారనిచ్చే ప్లాస్టిక్ ముద్దలు వచ్చాయి. బ్రిటన్‌లో వాటిని క్రాష్ మష్రూమ్‌లు అన్నారు, చూడటానికి పుట్టగొడుగుల్లాగే ఉంటాయి మరి. ఇప్పుడు మనం అంటున్న ఫ్రేమ్ స్లైడర్లు ఇవే.

మన దేశంలో 2008లో యమహా ఆర్15, 2017 డిసెంబరులో మన హొసూరు ఆర్ఆర్ 310 వచ్చాక ఒళ్లంతా ఫెయిరింగ్ కప్పిన బండ్లు మన వీధుల్లోకీ వచ్చాయి. పడితే ముందు పగిలేది ఆ ఖరీదైన ప్లాస్టిక్కే. దాంతో స్లైడర్ కూడా వచ్చింది. పేరు చూడండి: లెగ్ పోయి ఫ్రేమ్ వచ్చింది.

కొనేవాళ్లు ఇవి చూసుకోండి. ముద్ద నైలాన్‌దో డెల్రిన్‌దో కావాలి. లోహం ముద్ద జారకుండా తారును గీరుతుంది. ఫెయిరింగ్ దాటి కొద్దిగా బయటికి ఉంటే చాలు. మరీ పొడవైతే రోడ్డు అంచుకు తగిలి బండి పల్టీ కొడుతుంది. ఒక్క బోల్టు మీదే వేలాడే రకమైతే ఆ దెబ్బ ఫ్రేముకో ఇంజనుకో పోతుంది. రెండు చోట్ల పట్టుకునేది మేలు. ఇంజను బోల్టు తీసి బిగిస్తారు కాబట్టి కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించమనండి. ఇంజను కవర్లకు, ఇరుసు చివర్లకు, హ్యాండిల్ చివర్లకు కూడా రక్షణ ఉంటే స్లైడర్ ఒక్కటే భారం మోయదు. ఊళ్లో మెల్లగా నడిపేవాళ్లకు, నిలబెట్టిన చోట పడే భయం ఉన్నవాళ్లకు గార్డు పనికొస్తుంది. తాతగారి మాటలో అంతవరకు నిజం ఉంది.

కానీ ఇందులో ఏదీ మనిషిని కాపాడదు. పోయిన ఏడాది మనవాళ్ల అబ్బాయి ఒకడు కృష్ణగిరి రోడ్డు మీద జారిపడ్డాడు. స్లైడర్ అరిగింది, ఫెయిరింగ్‌కు గీత కూడా పడలేదు. కాలికి చెప్పులు వేసుకుని నడిపాడు. పాదానికి మూడు నెలలు కట్టు. ఆసుపత్రికి వెళ్లి చూసినవాళ్లం మేమే. బండి గురించి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు వాళ్ల అమ్మకు.

మోటోజీపీలో రేసర్లందరికీ 2018 నుంచి ఎయిర్‌బ్యాగ్ సూటు తప్పనిసరి. అంతటి నేర్పరులకే అలాంటి నియమం ఉంది. కాబట్టి తమ్ముళ్లూ, స్లైడర్ కొనండి, వద్దనం. ముందు మంచి హెల్మెట్, గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు కొని, మిగిలిన డబ్బుతో కొనండి. ప్లాస్టిక్ షోరూంలో మళ్లీ దొరుకుతుంది.