నీటికి లాకు, మాటకు లాకు

కోనసీమయందలి నగరము నేడు మామిడికుదురు మండలములోని యొక గ్రామము మాత్రమే. గరాజీ యను మిఠాయివలనను, 2014వ సంవత్సరము జూన్ 27వ తేదీ వేకువన గ్యాసు గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైబడిన జనులను దహించిన ఘోరమువలనను బయటివారికి తెలిసిన పేరు. కాని ఇంచుమించు నూరేండ్ల క్రిందటి ప్రభుత్వ గెజెటీర్లను తిరుగవేసినవారికి నగరము ఒక తాలూకా పేరుగను, ఒక దీవి పేరుగను కనబడును. పడమట వసిష్ఠ పాయయు, తూర్పున వైనతేయ పాయయు, దక్షిణమున సముద్రమును చుట్టుకొనియున్న ఇప్పటి రాజోలు ప్రాంతమంతయు ఆనాటి నగరము దీవియే. అక్కడికి ధాన్యపు బస్తా యైనను, పెండ్లి పిలుపైనను, చావు కబురైనను పడవ యెక్కియే రావలయును. ఏటికి వరద తగిలిన దినములలో పడవయు లేదు, కబురును లేదు. ఇట్టి నేలకు నీరు ఎట్లు వచ్చినది, మాట ఎట్లు వచ్చినది, వచ్చినవానిని నిలుపు అధికారము ఎవరి చేతిలో నుండెను అను సంగతులను కూర్చి చూచినచో, నేడు జేబులో ఫోను పెట్టుకొని తిరుగు మనుజునకు దానిమీద గల హక్కు ఎంతటిదో కొంత తెలియగలదు.

మొదట నీరు వచ్చినది. ఆర్థరు కాటను ధవళేశ్వరమువద్ద ఆనకట్టను 1852 నాటికి ముగించినను, నడుమ వైనతేయము అడ్డముగా నుండుటచే నగరము దీవికి గోదావరి నీరు అందు మార్గము లేకపోయెను. అప్పుడు హేగ్ అను యువ ఇంజినీరు గన్నవరమువద్ద ఏటిమీదుగా నలువదేసి అడుగుల కమానులు 49 కట్టించి, ఏటిపైనే మరియొక యేరును నడిపించెను. స్థానికులు అక్విడెక్టు అని పిలుచుకొను ఆ కట్టడము సుమారు నూటయేబది సంవత్సరములు దీవికి ప్రాణాధారమై నిలిచినది. దాని ప్రక్కన తరువాత కట్టిన క్రొత్తదానికి, అడిగినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

నీటితోపాటు నీటిని కట్టు ఆచారమును వచ్చినది. సార్వా, దాళ్వా పంటలు రెండును ఒబ్బిడియైన పిమ్మట ఏటేట వేసవిలో కాలువలు కట్టివేయుదురు. పూడికలు తీసి, గట్లు సరిచేసి, లాకుల తలుపులు బాగుచేసి, తొలకరికి మరల నీరు వదలుదురు. కట్టు తేదీయు, వదలు తేదీయు ముందుగా ప్రకటింపబడును. ఆ లోపల మంచినీటి చెరువులు నింపుకొందురు. దాళ్వా ఆలస్యమైనచో మరి పదిదినములు నీరు కావలెనని రైతులు పోయి అధికారులతో పోట్లాడుదురు, పెక్కు సారులు సాధించుకొందురు. నీరు చాలని యేట వంతులు వేయుదురు. ఎవరి వంతు ఎప్పుడో తూము కడనున్న లస్కరు మొదలు చివరి బోదె రైతువరకు అందరికిని తెలియును. 1997లో రైతులే ఎన్నుకొను నీటి సంఘములకు చట్టము చేసిరి. అంతటితో కష్టములు తీరలేదు. సాగునీరును మురుగుకాలువలును సరిగా లేవని, ధర గిట్టుబాటు కాదని 2011లో కోనసీమ రైతులు సార్వాయే వేయక పంట విరామము ప్రకటించిరి. అయినను నీటిని కట్టువాడు ఎవడో, ఎందులకు కట్టుచున్నాడో, ఎన్నినాళ్ళకు కట్టుచున్నాడో తెలియని దినము మాత్రము ఈ నూటడెబ్బది యేండ్లలో అరుదు.

తంతి కథ వేరు. ఓషాగ్నెస్సీ అను వైద్యుడు కలకత్తానుండి డైమండ్ హార్బరు దిక్కుగా మొదటి తంతిని లాగి ప్రయోగము చేసినది, కాటను ఆనకట్ట కట్టుచున్న ఆ సంవత్సరములలోనే. కాని నీరు రైతు పొలమునకై వచ్చినది. తంతి దొరతనము కొరకై వచ్చినది. 1885లో చేసిన టెలిగ్రాఫు చట్టము ఈ దేశమున తంతిని నెలకొల్పు సర్వాధికారమును ప్రభుత్వమునకే యొసగి, ఐదవ సెక్షనులో అంతకంటె పెద్ద అధికారమును చేర్చినది: ప్రజాత్యయిక స్థితి యేర్పడినప్పుడుగాని, ప్రజల క్షేమము కోరిగాని, ఏ సందేశమునైనను ఆపవచ్చును, పట్టుకొనవచ్చును, విప్పి చదువవచ్చును. పరాయి దొరతనము తన భయముకొద్ది వ్రాసికొన్న ఈ వాక్యము స్వాతంత్ర్యానంతరమున కొద్ది సవరణలతో అట్లే నిలిచి, తంతినుండి టెలిఫోనునకు, దానినుండి ఇంటర్నెట్టునకు ప్రాకినది. తంతితీగకై కుట్టిన చొక్కాను గాలిలోని అలకు తొడిగి నూటముప్పది యేండ్లకు పైగా నడిపినారన్నచో అతిశయోక్తి కాదు.

తంతిని జనులు తెంచిన కాలమును ఒకటి గలదు. 1942 జూలైలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునుండి జిల్లాలకు వెడలిన రహస్య సర్క్యులరును వ్రాసినవారు కళా వెంకటరావుగారు. వారిది కోనసీమలోని ముక్కామల. టిక్కెట్టు లేకుండ రైలెక్కుట, గొలుసు లాగి బండ్లను నిలుపుట మొదలైనవానితో పాటు టెలిగ్రాఫు, టెలిఫోను తీగలను తెంచుటయు అందులో నొక కార్యక్రమము. ప్రాణహాని మాత్రము కలుగరాదని నియమము. ఆగస్టులో నాయకులు చెరసాలల పాలైన పిమ్మట ఆంధ్ర జిల్లాలలో పలుచోట్ల తీగలు తెగినవి. దొరతనమువారు ఆ సర్క్యులరును తమ నివేదికలో అచ్చొత్తి, కాంగ్రెసు దౌష్ట్యమునకు సాక్ష్యముగా లోకమునకు చూపిరి. ఆ కాలపు పల్లెవానికి తంతి అనగా చావు కబురు తెచ్చు పసుపు కాగితము, లేదా పోలీసును పిలుచు సాధనము. తనది కాదు కనుకనే తెంచుటకు చేయి వచ్చినది. తీగను తెంచుటలో తన నోరే తెగును అనుకొనవలసిన స్థితి అప్పటికి రాలేదు.

ఆ స్థితి వచ్చినది గల్ఫు వలసలతో. రాజోలు, మలికిపురము, మామిడికుదురు ప్రాంతములనుండి కువైటుకును, దుబాయికిని, మస్కటుకును పనులకై వెడలినవారిలో మగవారు మాత్రమేగాక ఇండ్లలో పనిచేయుటకై పోయిన ఆడవారును అధికము. మొదట ఉత్తరములు, వ్రాయరానివారికి టేపు కాసెట్టులో మాటలు నింపి, సెలవుపై వచ్చువారి చేతికిచ్చి పంపు పద్ధతి, పిమ్మట ఎస్టీడీ బూతులు. బూతులో మీటరు తిరుగుచుండ, తల్లి అడుగదలచినది పదిమాటలు, అడుగగలిగినది రెండు. 1995 జనవరి 8న నగరమునకు చేరువలోనే పాశర్లపూడి చమురుబావి అంటుకొని, రెండు నెలలకు మించి మండినది. దూరదేశముననున్న పాశర్లపూడివారు తమ యిల్లు నిలిచినదో లేదో తెలిసికొనుటకు బూతులనే నమ్ముకొనవలసివచ్చెను. ఈ దేశమున తొలి సెల్‌ఫోను మ్రోగినది ఆ మంట ఆరిన కొన్ని నెలలకు, జూలై 31న. తరువాత మిస్డ్ కాల్ అను ఉచిత భాష పుట్టినది: ఒకసారి మ్రోగి ఆగినచో క్షేమము, రెండుసార్లు మ్రోగినచో తిరిగి చేయుము. స్మార్ట్‌ఫోను వచ్చినపుడు వీడియో పిలుపుల ఇమో అను మాట కోనసీమ ముసలమ్మల నోటికిని ఎక్కినది. ఎమిరేట్సులో వాట్సాపు పిలుపులు సాగవు గనుక అక్కడి పిల్లలు ఏది సాగిన దానిని పట్టుకొందురు. ఏ దొరతనము ఏ పిలుపును ఎందులకు ఆపునో అను జ్ఞానము పండితులకంటె ముందు ఈ తల్లులకే పట్టుబడినది.

ప్రభుత్వము తానై తీగ తెచ్చిన ఘట్టము 2016 డిసెంబరు 29న నడచినది. జీడిపప్పునకు పేరుపడిన మోరి గ్రామము ఆ పాత నగరము దీవిలోనిదే. ముఖ్యమంత్రి అచ్చటికి స్వయముగా వచ్చి ఫైబరునెట్టు పథకమును ప్రారంభించి, నెలకు 149 రూపాయలకు ఇంటింటికి ఇంటర్నెట్టు, టెలిఫోను, టీవీ అని ప్రకటించిరి. పెద్దనోట్లు రద్దయి ఏబది దినములు నిండిన తరుణమది; నగదు లేని గ్రామమనియు మోరిని కీర్తించిరి. ఆ కీర్తనలో ఉత్సవపు పాలు కొంత ఎక్కువే యనుకొన్నను, ఆనాటినుండి కొట్టులో సరకునకు, కొబ్బరి దింపుకూలికి, బ్యాంకు లెక్కకు ఫోనే త్రాసు కావలెనని జనులకు నేర్పినది ప్రభుత్వమే యనుటలో సందేహము లేదు. రేషనుకు వ్రేలిముద్ర, పింఛనుకు వ్రేలిముద్ర; ఆ ముద్ర చదువుటకు నెట్టు. వ్యక్తి ఏకాంతము ప్రాథమిక హక్కు అని సుప్రీముకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది గాని, ముద్ర పడనివానికి, సిగ్నలు లేనినాటికి బియ్యమెట్లు అను ప్రశ్న రేషను కడ వరుసలో నిలిచినవారికే మిగిలినది.

అట్లు ఐదేండ్లు గడచినవి. 2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా యేర్పడినది. మే 18న దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరుగారి పేరు చేర్చదలచినట్లు ప్రకటన వెలువడినది. మే 24న ఆ పేరునకు వ్యతిరేకముగా జరిగిన ఆందోళనము అమలాపురములో దౌర్జన్యముగా మారి, ఒక మంత్రి యిల్లును ఒక శాసనసభ్యుని యిల్లును దగ్ధములైనవి, బస్సులు కాలినవి. భావప్రకటన స్వాతంత్ర్యమును రాజ్యాంగమున నిలిపిన మహానుభావుని పేరుమీద ఇండ్లకు నిప్పుపెట్టుట కోనసీమకు తలవంపు. అందులో నాకు రెండవ మాట లేదు. ఆ దినముననే ఇంటర్నెట్టు ఆగినది. గడువులు పొడిగింపబడుచు, మండలముల వెంబడి కొంచెము కొంచెముగా సడలుచు, అమలాపురము చుట్టుపట్ల దాదాపు రెండు వారములు సాగినది.

ఆ రెండు వారములలో జనుల నోట రెండు తీరుల అభిప్రాయములు నడచినవి. వాట్సాపు గుంపులలోనే జనమును పోగుచేసిరి, వదంతులు అందులోనే పుట్టినవి, మంటకు గాలి తగులకుండ తలుపు మూయక తప్పదు అను పక్షమొకటి. ఇల్లు కాలినవారి మొగము చూచినచో ఆ పక్షమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. రాళ్ళు వేసినవారు కొన్ని వందలు, మాట పడిపోయినవారు 17 లక్షలు అనునది రెండవ పక్షము. కరోనా నాటినుండి ఇంటనే కూర్చుండి హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల పని చేయుచున్న యువకులు ల్యాపుటాపులు చంకనబెట్టుకొని కాకినాడకు, రాజమహేంద్రవరమునకు పోయిరి. ఎదుర్లంక దిక్కున గోదావరి గట్టున చేరి ఆవలి యొడ్డు సిగ్నలును పట్టుకొన్నవారును గలరు. ఆ ఆవలి యొడ్డు యానాము. అది పుదుచ్చేరిలోనిది గనుక ఆంధ్ర ప్రభుత్వపు ఆజ్ఞ అచ్చట చెల్లదు. శారదా చట్టము 1930లో అమలునకు వచ్చినపుడు బాల్యవివాహములు చేయగోరిన గోదావరి జిల్లాల పెద్దలు ఫ్రెంచివారి యానామునకే పడవలెక్కి పోయిరి. ఆనాడు చట్టము మంచిది, దాటినవారి ఉద్దేశము చెడ్డది. ఈనాడు దాటినవాడు జీతపు కొలువు నిలుపుకొనుటకు దాటినవాడు.

ఆనాటి చట్టమేమి చెప్పినది? 1885 నాటి ఆ ఐదవ సెక్షను క్రిందనే 2017లో నియమములు చేసిరి: ఆజ్ఞ నిచ్చువాడు హోము కార్యదర్శి, ఐదు పనిదినములలో సమీక్షా సంఘము చూడవలెను, 2020 సవరణతో ఏ యాజ్ఞయు 15 దినములు మించరాదు. కాశ్మీరులో ఇంటర్నెట్టు నిలిపిన వ్యవహారములో 2020 జనవరి 10న సుప్రీముకోర్టు తీర్పును వ్రాసినవారు మన పాత కృష్ణాజిల్లా పొన్నవరమునకు చెందిన న్యాయమూర్తి నూతలపాటి వెంకట రమణగారు. గడువు లేని నిలుపుదల చెల్లదు, ఆజ్ఞను బహిరంగముగా ప్రకటింపవలెను, కారణమునకు తగినంత మాత్రమే ఆపవలెను అని అందలి సారము. కోనసీమలో నెట్టు నిలిచిననాటికి వారే భారత ప్రధాన న్యాయమూర్తి. అయినను ఎప్పుడు తెరతురు, ఎవరి నడుగవలెను అను రెండు ప్రశ్నలకు మామిడికుదురు సంతలో సమాధానము చెప్పగలవాడు ఒక్కడును లేడు. కాలువ విషయమున లస్కరు చెప్పగలిగినది, మాట విషయమున జిల్లా కేంద్రమునను చెప్పువారు లేకపోయిరి. ఇది సాంకేతికలోపము కాదు; నీటిని కట్టుటకు నూటడెబ్బది యేండ్ల తగవులాటలో పుట్టిన మర్యాద, మాటను కట్టుటకు ఇంకను పుట్టలేదు.

ఈ ప్రాంతమున ఆ మర్యాద లేకపోవుట ప్రాణముల మీదికి రాగల విషయము. నేలక్రింద గ్యాసు గొట్టములు, ఎదుట సముద్రము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెనుగాలికి కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమై వేయిమందికి పైగా మరణించినది హెచ్చరిక అందకపోవుటవలన కూడను. 2022 మే 11న అసనీ తుపాను మచిలీపట్నము, నరసాపురముల నడుమ తీరము చేరినది. నెట్టు ఆగినది పదమూడు దినముల పిమ్మట, ఇంకను తుపానుల నెలలోనే. మరియొక తుపాను అప్పుడు రాకపోవుట మన పుణ్యము, ఆజ్ఞ వ్రాసినవారి ముందుచూపు కాదు.

1885 చట్టమునకు బదులుగా 2023లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము క్రింద 2024 నవంబరులో క్రొత్త నియమములు వెలువడినవి. ఆజ్ఞను కారణములతో ప్రకటింపవలెనని అందులో వ్రాసిరి; ఏ ప్రాంతమునకో స్పష్టముగా చెప్పవలెననిరి. 15 దినముల గడువు అట్లే నిలిచినది. ఇక మన ఊళ్ళలో అందరి నోటను నలుగు లెక్క యొకటి గలదు: నెల రీఛార్జి అనగా 28 దినములు, ఆ లెక్కన ఏడాదికి పండ్రెండు కాదు, పదమూడు సారులు డబ్బు కట్టవలెను, 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ముప్పది దినముల పథకము నొకదానినైనను ఉంచవలెనని కంపెనీలను ఆదేశించినది ఈ గొణుగుడు వినియే. ఆ యిరువదియెనిమిదిలో పదునాలుగు దినములు ప్రభుత్వమే ఆపినచో, ముందుగా కట్టిన సొమ్ములో సగము ఎవరు ఎవరికి తిరిగి యియ్యవలెనో క్రొత్త నియమములలో ఒక్క పంక్తియు లేదు.