బొగ్గు నుసి ఖరీదెంత?

బొగ్గుని కడగడంలో అసలు తలనొప్పి నుసితోనే. బొగ్గు కన్నా రాయి బరువు కాబట్టి పెద్ద ముక్కల్ని ఆ బరువు తేడాతో విడదీయొచ్చు. పిండిలాంటి నుసి దగ్గర ఆ కిటుకు సరిగ్గా పనిచెయ్యదు. అందుకే చాలా గనుల దగ్గర ఆ నల్లనీళ్ళని చెరువు కట్టి వదిలేశారు.

నిజానికి దీనికి పరిష్కారం వందేళ్ళ కిందే ఉంది. బొగ్గుకి నూనె అంటుకుంటుంది, మట్టికి నీళ్ళు అంటుకుంటాయి. నుసి నీళ్ళలో చమురు పోసి గట్టిగా చిలికితే బొగ్గు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. మట్టి నీళ్ళలోనే ఉండిపోతుంది. తర్వాత జల్లెడ పడితే సరి!

ఈ ఆలోచన మొదట వచ్చింది లోహాల కోసం. 1902లో ఆర్థర్ కాటర్‌మోల్ అనే ఆయన ముడిఖనిజాన్ని ఇలా ఉండలు కట్టించే పద్ధతికి బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. చమురు ఖర్చు తడిసి మోపెడయ్యింది. ఆ పేటెంట్ కొన్న మినరల్స్ సెపరేషన్ కంపెనీ వాళ్ళు 1905లో చమురు తగ్గించుకుంటూ పోతే, ఉండలకి బదులు నురుగొచ్చింది, ఖనిజం ఆ నురుగుతో పైకి తేలింది. ప్రపంచమంతా వాడే ఫ్రాత్ ఫ్లోటేషన్ అలా పుట్టిందన్నమాట.

1920ల మొదట్లో అమెరికాలో వాల్టర్ ట్రెంట్ ఉండల పద్ధతిని బొగ్గు మీద ప్రయోగించాడు. బూడిద బాగా తగ్గింది. కానీ బొగ్గు బరువులో దాదాపు 30 శాతం చమురు కావాలి! 1960లలో కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళు దీన్ని మళ్ళీ పట్టాలెక్కించారు. ఇంతలో 1973 చమురు సంక్షోభం వచ్చి, బ్యారెల్ ధర కొన్ని నెలల్లోనే సుమారు నాలుగింతలయ్యింది. చమురు ప్రియమైతే బొగ్గుకి గిరాకీ పెరుగుతుంది, కానీ ఆ బొగ్గుని కడగడానికీ చమురే కావాలి. ఎటు చూసినా చిక్కే.

సరే, గిట్టుబాటు కాలేదు, వదిలేశారు. తప్పేముంది అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో చమురు ఖర్చు ఉంది, నల్లనీళ్ళ చెరువు ఖర్చు లేదు. 1972 ఫిబ్రవరి 26న వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్‌లో అలాంటి చెరువు కట్ట తెగింది. 125 మంది చనిపోయారు, వేలమందికి నిలువ నీడ లేకుండా పోయింది. 2000 అక్టోబర్‌లో కెంటకీలోని మార్టిన్ కౌంటీలో ఇంకో చెరువు అడుగున చిల్లుపడి 30 కోట్ల గ్యాలన్ల బురద వాగుల్లో కలిసింది.

మన భాషలో దీన్ని టెక్నికల్ డెట్ అంటాం. కాకపోతే మన దగ్గర ఆ అప్పు తీర్చడానికి వీకెండ్‌లు పోతాయి. అక్కడ మాత్రం అప్పు చేసింది ఒకళ్ళు, తీర్చింది కట్ట కింద ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు.