ప్రథమాసనమున విల్మా నెరూడా

ఐరోపా స్త్రీల స్వాతంత్ర్యమును మనవారు తరచుగా ఉదాహరింతురు. కాని పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున లండను నగరమందలి సంపన్నగృహములలో కుమార్తెకు పియానో నేర్పించుట శిష్టాచారము. ఫిడేలు నేర్పించుట అనాచారము. గడ్డము క్రింద వాద్యమును నొక్కిపెట్టుటచే మెడ వంగుననియు, ముఖము వికృతమగుననియు, కమాను లాగు చేయి స్త్రీకి శోభింపదనియు కారణములు చెప్పెడివారు. చెవితో వినవలసిన విద్యకు కంటితో చెప్పిన తీర్పిది.

ఆ తీర్పును త్రిప్పినవారిలో అగ్రగణ్య విల్మా నెరూడా. మొరేవియా దేశమందలి బర్నో పట్టణమున నామె జన్మించెను. తండ్రి యోసెఫ్ నెరూడా అచ్చటి క్రైస్తవ దేవాలయమున ఆర్గను వాయించువాడు. ఆయన కూతురికి పియానోను నిర్ణయింపగా, ఆమె అన్నగారి ఫిడేలును రహస్యముగా తీసి సాధన చేయుచు పట్టుబడెనని చెప్పుదురు. ఆ తండ్రి ఫిడేలు లాగికొనలేదు. వియన్నాలో లియోపోల్డు యాన్సాయను విద్వాంసునికడ శిష్యురాలిగా నుంచెను. 1846వ సంవత్సరమున, పదేండ్లైన నిండకమున్నే, ఆమె ఆ నగరమున సభ కెక్కెను. 1849లో లండను ఫిల్‌హార్మొనిక్ సంఘమువారి కచ్చేరిలో వాయించి ప్రశంసలందెను.

బాలికను మెచ్చుకొనుట సులభము. వింతను చూచినట్లు చూచి చప్పట్లు కొట్టి ఇండ్లకు పోవచ్చును. పెరిగిన స్త్రీ అదే విద్యను జీవనముగా చేసికొనినప్పుడుగదా సంఘముయొక్క మనసు బయటపడుట!

1864లో ఆమె లుడ్విగ్ నార్మన్ అను స్వీడనుదేశపు సంగీతకర్తను వివాహమాడి స్టాక్‌హోమున నివసించెను. ఆ దాంపత్యము నిలువలేదు. 1869లో ఆమె మరల లండనుకు రాగా, బెల్జియము విద్వాంసుడు వ్యూతాం ఆమెను ఆ శీతకాలమంతయు అచ్చటనే యుండుమని ప్రోత్సహించెను. సెయింట్ జేమ్సు హాలులో సోమవారపు కచ్చేరీలు జరుగుచుండెడివి. ఒక షిల్లింగు పెట్టి సామాన్యులు సయితము ఉత్తమసంగీతమును వినగల తావది. అందు చతుర్వాద్యమునకు ప్రథమ ఫిడేలు స్థానము ఆమె కీయబడెను.

ఈ స్థానమన నేమో చదువరులకు కొంచెము చెప్పవలెను. మన కచ్చేరీలో ఫిడేలు సాధారణముగా పాటను వెన్నంటి నడచును. చతుర్వాద్యమున గాయకుడే లేడు. రెండు ఫిడేళ్లు, వానికంటె పెద్దదగు వయోలా, మోకాళ్లనడుమ నిలిపి వాయించు చెల్లో, ఈ నాలుగును పరస్పరము సంభాషించును. తాళము వేయువాడుగాని, బెత్తము పట్టి నడిపించువాడుగాని యుండడు. ప్రథమ ఫిడేలువారు కమాను నెత్తి ఊపిరి తీసిన క్షణమే తక్కిన ముగ్గురికిని ఆరంభము. వేగమును, విరామమును సామాన్యముగ అచ్చటనుండియే పుట్టును. ఆమె ప్రక్కన రెండవ ఫిడేలుతో లూయీ రీసును, చెల్లోతో పియాటియు కూర్చుండిరి. పియాటి ఐరోపాయందే ప్రసిద్ధుడు. అట్టివారు ఒక స్త్రీ కమానును చూచి తమ కమాను నెత్తిరి. ఒంటరిగా నిలిచి వాయించి గెలుచుటకంటె ఇది పెద్ద గెలుపని నా యభిప్రాయము. అదే స్థానమున ఇతర దినములలో యోవకిమ్ వంటి మహామహుడు కూర్చుండెడివాడు.

1872లో లండను రాయల్ అకాడమీ స్త్రీలను ఫిడేలు విద్యార్థినులుగా చేర్చుకొనెను. 1876లో ఎడింబరో డ్యూకు మొదలగు ప్రభువులు, పూర్వము ఎర్న్‌స్టు వాయించిన 1709వ సంవత్సరపు స్ట్రాడివేరియసు ఫిడేలును ఆమెకు బహూకరించిరి. 1887లో వెలువడిన షెర్లాక్ హోమ్సు తొలి కథలో ఆ అపరాధపరిశోధకుడు నడుమ తీరిక చేసికొని ఆమె కచ్చేరీకి పోవును! పేరు ఇంటింట తెలిసినగాని కథకుడు అట్లు వ్రాయడు.

1888లో మాంచెస్టరు వాద్యబృందస్థాపకుడగు చార్లెసు హాలేను ఆమె పెండ్లాడెను. ఇరువురును ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికాలోను కచ్చేరీలు చేసిరి. 1895లో ఆయన మరణించెను. 1898లో ఆమె కుమారుడు పర్వతారోహణమున చనిపోయెను. పిమ్మట ఆమె బెర్లినున శిష్యులకు విద్య చెప్పుచు 1911 ఏప్రిలులో కన్నుమూసెను.

రెండేండ్లకు, 1913లో, లండను క్వీన్స్ హాలు బృందమున హెన్రీ వుడ్ ఆరుగురు స్త్రీలను చేర్చుకొనెను. ఆమె భర్త పేర వెలసిన హాలే బృందమో, ప్రథమ మహాయుద్ధకాలమున చేర్చుకొన్న స్త్రీలను 1920లో తొలగించెను.