సరుకుకీ సంసారానికీ ఒకే బండి: మన దేశంలో పికప్ చరిత్ర

పికప్ అంటే ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిను, వెనక పైకప్పు లేని తొట్టి ఉన్న తేలికపాటి సరుకు బండి. లారీకి చాలనంత తక్కువ, ఆటోకి మించినంత ఎక్కువ సరుకున్న చోట దీనికి పని. మన దేశంలో ఇది రెండు దారుల్లో వచ్చింది. మూడు చక్రాల టెంపో స్థానంలోకి నాలుగు చక్రాల చిన్న ట్రక్కు రావడం ఒక దారి. అది పూర్తిగా కిరాయి బండి. జీపు, కారు తరహా బండికి తొట్టి తగిలించడం రెండో దారి. అలాంటి బండి పగలు సరుకు మోసి, సాయంత్రం ఇంటివాళ్లని ఎక్కించుకోగలదు. కొనేవాడు ఏ దారి పట్టాలో ఇంజిను బలం కన్నా ఎక్కువగా ఊరి రోడ్డు, పర్మిట్టు, ఫైనాన్సు, డ్రైవింగ్ లైసెన్సు తేల్చాయి.

పొలం బండిగా పుట్టుక

ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించి అమ్మిన తొలి పికప్పుల్లో పేరుమోసినది అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1925లో తెచ్చిన మోడల్ టి రనబౌట్. ధర 281 డాలర్లు. అంతకుముందు అక్కడి రైతులు కారు వెనక భాగం కోయించి, వడ్రంగి చేత చెక్కపెట్టె కట్టించుకునేవారు. ఆ పని కంపెనీయే చేసిపెట్టింది.

బండి ఇంటికీ పొలానికీ కూడా పనికిరావాలన్న కోరిక ఆస్ట్రేలియాలో స్పష్టంగా బయటపడింది. గిప్స్‌లాండ్ ప్రాంతపు రైతు భార్య ఒకావిడ ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని అక్కడ చెప్పుకుంటారు. ఆదివారం చర్చికి వెళ్లడానికీ, సోమవారం పందుల్ని సంతకి తోలడానికీ ఒకే బండి కావాలన్నది ఆమె కోరిక. రెండు బండ్లు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. గీలాంగ్ ఫ్యాక్టరీలో పనిచేసే లూ బ్యాంట్ అనే యువ డిజైనరు కారు క్యాబినునీ తొట్టినీ ఒకే బాడీగా కలిపి గీశాడు. 1934లో ఆ బండి మార్కెట్లోకి వచ్చింది. ఆస్ట్రేలియా వాళ్లు ‘యూట్’ అని పిలిచే బండికి అదే మూలం.

టెంపో కాలం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన పల్లెల్లో సరుకు మోసింది ఎడ్లబండి. ఊళ్ల మధ్య లారీ తిరిగేది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీని మొదట నింపింది మూడు చక్రాల టెంపో. జర్మనీలోని హాంబుర్గ్‌కి చెందిన విడాల్ అండ్ జోన్ కంపెనీ సాంకేతిక సాయంతో 1958లో బజాజ్ టెంపో సంస్థ ఏర్పడి, హాన్సియాట్ అనే సరుకు బండి తయారుచేసింది. ముందున్న ఒక్క చక్రాన్నే ఇంజిను తిప్పేది, వెనక రెండు చక్రాల మీద తొట్టి ఉండేది. ఇరుకు బజార్లలో ఇట్టే మలుపు తిరిగేది కాబట్టి కిరాణా టోకు వర్తకులకీ, కలప అడితీలకీ బాగా కుదిరింది. 1969లో అదే సంస్థ నాలుగు చక్రాల మెటడార్‌ని తెచ్చింది. టెంపో, మెటడార్ కంపెనీ పెట్టిన పేర్లే అయినా, తరవాత ఆ తరహా బండి ఏదైనా జనం అలాగే పిలిచారు.

రెండో దారిలో మొదట నడిచింది మహీంద్రా. 1940ల చివర విలీస్ జీపుల్ని ఇక్కడ బిగించడంతో మొదలుపెట్టి, 1960ల నడుమ ముందుకి చొచ్చుకొచ్చిన క్యాబినుతో ఎఫ్‌సీ తరగతి సరుకు జీపుల్ని తయారుచేసింది. గట్టి చట్రం, ఎత్తయిన చక్రాలు ఉన్న ఆ బండ్లు గతుకుల దారికి తట్టుకునేవి. అయితే లైసెన్సుల రోజుల్లో ఏ ఫ్యాక్టరీ ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వమే చెప్పేది. కొనేవాడికి ఎంచుకునే వీలు దాదాపు లేదు. ఏ బండి ముందు దొరికితే అదే తీసుకోవాల్సి వచ్చేది.

జహీరాబాద్, జపాన్ పొత్తులు

1980ల మొదట్లో కేంద్రం తేలికపాటి వాణిజ్య వాహనాల రంగంలోకి విదేశీ పొత్తుల్ని రానిచ్చింది. నాలుగు జపాన్ కంపెనీలు నలుగురు భారతీయ భాగస్వాముల్ని వెతుక్కున్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డీసీఎం టయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మాజ్దా, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి మొదలయ్యాయి. నాలుగోది తెలుగు నేల మీద, హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రహదారి పక్కన జహీరాబాద్‌లో వెలసిన ఆల్విన్ నిస్సాన్. హైదరాబాద్ ఆల్విన్ 1942లో పుట్టిన సంస్థ. ఫ్రిజ్‌లు, గడియారాలు, డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు చేసిన ఆ సంస్థ నిస్సాన్ వారి క్యాబ్‌స్టార్ ట్రక్కుని చేపట్టింది.

ఈ బండ్లు నడపడానికి హాయిగా ఉండేవి, డీజిల్ తక్కువ తాగేవి. చిక్కు ధర దగ్గర వచ్చింది. 1985 తరవాత యెన్ విలువ బాగా పెరిగింది. విడిభాగాల్లో పెద్ద వంతు జపాన్ నుంచే రావడంతో బండి ఖరీదూ పెరిగింది. 1986లో టెల్కో (నేటి టాటా మోటార్స్) పూర్తిగా దేశీయంగా రూపొందించిన 407ని తెచ్చేసరికి పోటీ తలకిందులైంది. రెండు టన్నుల పైచిలుకు మోసే ఆ బండికి స్పేర్లు ఏ చిన్న ఊళ్లోనైనా దొరికేవి, లారీ మెకానిక్కే రిపేరు చేసేసేవాడు. ఆల్విన్ నిస్సాన్ 1980ల చివర మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం టయోటాలో ఆ తరవాత కొరియాకి చెందిన డేవూ అడుగుపెట్టింది. కంపెనీ పోయినా పేరు నిలిచింది: మన పత్రికల్లో ‘డీసీఎం బోల్తా’ అని వార్త వస్తే, అది ఏ కంపెనీ ట్రక్కైనా కావచ్చు.

సరుకు బండి నుంచి పుట్టిన కారు

1988లో టెల్కో టాటామొబైల్ అనే పికప్‌ని విడుదల చేసింది. లారీ మూతి లేకుండా, కారు ముఖంతో, వెనక తొట్టితో వచ్చిన బండి అది. సరుకు మోయడానికే చేసినా దాని ప్రభావం మరో వైపు కనిపించింది. ఆ చట్రం మీదే టెల్కో 1991లో సియెరా, ఆ వెంటనే ఎస్టేట్ కార్లని నిర్మించింది. అప్పటిదాకా లారీల కంపెనీగానే పేరున్న టెల్కో ప్రయాణికుల కార్లలోకి వచ్చింది ఈ పికప్ మీదుగానే.

మహీంద్రా అదే పనిని తిరగేసి చేసింది. 2000లో వచ్చిన బొలేరో మనుషుల బండి. పల్లెల్లో అది బాగా నాటుకున్నాక, అదే ముఖంతో పికప్ వచ్చింది. కోళ్ల ఫారాలు, పాల కేంద్రాలు, ఆక్వా చెరువులు ఉన్న ప్రాంతాల్లో ఒకటిన్నర టన్ను లోపు సరుకుకి రైతులు, వ్యాపారులు దాన్నే కోరుకున్నారు. ముందు సస్పెన్షను కొంత మెత్తగా, వెనక కమాను పట్టీలు గట్టిగా ఉండడంతో, ఖాళీగా వెళ్తే వెనక భాగం గతుకుల్లో ఎగిరిపడేది, లోడుతో వెళ్తే కుదురుగా సాగేది.

చట్టం గీసిన గీత

ఒకే బండిని పనికీ ఇంటికీ వాడుకోవాలన్న కోరికకి మన దేశంలో చట్టం అడ్డుగీత గీసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు మోయడానికి తయారైన బండి రవాణా వాహనం. దానికి పసుపు నంబరు ప్లేటు, నిర్ణీత కాలానికోసారి ఫిట్‌నెస్ తనిఖీలు, విడి బీమా తప్పవు. పెళ్లి బృందాల్నీ కూలీల్నీ తొట్టిలో ఎక్కించడం పల్లెల్లో మామూలే అయినా, ప్రమాదం జరిగితే వాళ్లకి బీమా వర్తించదు. 1994లో చేసిన సవరణ సరుకు యజమానికి, లేదా అతని తరఫు మనిషికి మాత్రమే ఆ రక్షణ ఇచ్చింది. కొబ్బరికాయల లోడుతో పాటు వెళ్లే రైతు అందులోకి వస్తాడు, అతనితో ఊరికే ఎక్కిన బంధువు రాడు.

అదే చట్టం చిన్న బండికి ఒక వెసులుబాటూ ఇచ్చింది. బండి బరువు, లోడు కలిపి 3,000 కిలోలు మించకపోతే సరుకు బండికి పర్మిట్టు అక్కర్లేదు. కంపెనీలు ఈ అంకెని దృష్టిలో పెట్టుకునే బండ్లని గీశాయి. చాలా పికప్పుల కాగితాల్లో మొత్తం బరువు 3,000కి కొద్ది కిలోల ఇవతలే ఆగడం అందుకే.

లైసెన్సు విషయం తేలడానికి ఎక్కువ కాలం పట్టింది. కారు లైసెన్సు ఉన్నవాడు తేలికపాటి సరుకు బండి నడపవచ్చా, లేక విడిగా రవాణా అనుమతి ఉండాలా అన్నది బీమా కేసుల్లో పదేపదే తలెత్తిన ప్రశ్న. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండికి తేలికపాటి వాహనం లైసెన్సే చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. జీతం డ్రైవరుని పెట్టుకోలేని చిన్న యజమానికి ఈ తీర్పు పెద్ద ఊరట.

టాటా ఏస్

2000 తరవాత రోడ్ల రూపు మారింది. స్వర్ణ చతుర్భుజి రహదారులతో లారీలు పెద్దవయ్యాయి, 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనతో ఊళ్లకి తారు రోడ్లు పడ్డాయి. నగరాలు పగటిపూట పెద్ద లారీల్ని లోపలికి రానివ్వడం మానేశాయి. శివార్లలో లారీ దింపిన సరుకుని బజారు దాకా చేర్చే బండి అవసరమైంది. 1999 జనవరిలో మొదలైన రైతుబజార్ల వంటి చోట్లకి కూరగాయలు తెల్లవారేసరికి చేరాలంటే కూడా ఇలాంటి బండే కావాలి. అప్పటికి ఆ పని చేస్తున్నవి సరుకు ఆటోలు. చవకే కానీ, లోడు ఎక్కువైతే మలుపుల్లో ఒరిగిపోయేవి, హైవే మీద వేగం అందుకోలేకపోయేవి.

గిరీశ్ వాఘ్ నాయకత్వంలో టాటా మోటార్స్ బృందం ఆటో యజమానుల్ని కలిసి వాళ్లకేం కావాలో అడిగింది. మూడు చక్రాల బండి నడిపేవాడికన్నా నాలుగు చక్రాల బండి ఉన్నవాడికి ఊళ్లో పరువుంటుందని, పెళ్లి సంబంధాలు కూడా మెరుగైనవి వస్తాయని ఒక యజమాని చెప్పాడని కంపెనీ పెద్దలు తరవాత గుర్తుచేసుకున్నారు. 2005 మేలో ఏస్ వచ్చింది. ధర సుమారు రెండుంపావు లక్షలు. ఇండికా కారు డీజిల్ ఇంజినులో సగం అన్నట్టుగా రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్ ఇంజినుని సీట్ల కింద అమర్చారు. తొట్టి పొడవు ఏడడుగులు. కంపెనీ లెక్క ప్రకారం మోయగలిగేది 750 కిలోలు. బజారులో దాని మీద అంతకు రెట్టింపు ఎక్కించడం మామూలైంది. వెనక కమాన్లలో అదనపు పట్టీలు వేయించి, తొట్టి పక్కలకి ఇనుప ఫ్రేము పెంచి, టమాట పెట్టెలు క్యాబిను కన్నా ఎత్తుగా పేర్చి తాళ్లతో బిగించిన ఏస్ ఏ మార్కెట్ యార్డులోనైనా కనిపించే దృశ్యం. హిందీ ప్రాంతాల్లో దానికి ‘ఛోటా హాథీ’ అన్న ముద్దుపేరు పడింది.

రెండేళ్లు తిరక్కముందే లక్ష బండ్లు, 2012 నాటికి పది లక్షల బండ్లు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి నాలుగు చక్రాల బండికి యజమానులైనవాళ్లే. కొంత సొమ్ము చేతిలోంచి కట్టి, మిగతాది ఫైనాన్సు తీసుకుని, కిరాయి డబ్బుల్లోంచే నెలనెలా కిస్తీ కట్టడం వాళ్ల లెక్క. ఈ అమ్మకాలు చూసి మిగతా కంపెనీలు బరిలో దిగాయి. అశోక్ లేలాండ్ 2011లో దోస్త్‌ని, మహీంద్రా 2015లో జీతోని, మారుతి 2016లో సూపర్ క్యారీని తెచ్చాయి. వీటిలో జీతో తయారైంది ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ నడిచిన జహీరాబాద్‌లోనే.

శ్రీసిటీ నుంచి ఇంటి పికప్

కుటుంబానికి కూడా పనికొచ్చే నాలుగు తలుపుల పికప్‌ని మహీంద్రా స్కార్పియో గెటవే, టాటా జెనాన్ పేర్లతో 2000ల రెండో సగంలోనే ప్రయత్నించారు. అంతంతమాత్రంగానే అమ్ముడయ్యాయి. అయిదుగురు కూర్చుంటే తొట్టి పొట్టిదవుతుంది, తొట్టి పొడవు పెంచితే బండి ఇరుకు వీధిలో తిరగదు. ఆ ధరకి ఏడుగురు పట్టే ఎస్‌యూవీ వస్తుంటే తొట్టి ఎందుకన్నది కొనేవాళ్ల ప్రశ్న.

2016 ఏప్రిల్‌లో జపాన్ కంపెనీ ఇసుజు అప్పటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచింది. మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 50,000 బండ్లు. అక్కడ తయారైన డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌ని తెల్ల నంబరు ప్లేటుతో సొంత వాహనంగా రిజిస్టరు చేసుకునే వీలుంది. అదే శ్రేణిలో పొడవు తొట్టి, పసుపు ప్లేటు ఉన్న పని బండి వేరుగా దొరుకుతుంది. చట్టం గీసిన గీతకి రెండు పక్కలా ఒకే ఫ్యాక్టరీ బండి పెట్టిందన్నమాట. తోటలున్న రైతులు, కాంట్రాక్టర్లు, కొండ దారుల్లో తిరిగే షికారు ప్రియులు వీ-క్రాస్ కొన్నారు. 2022లో టయోటా హైలక్స్ దాదాపు 34 లక్షల ధరతో మొదలై ఈ తరగతిని ఖరీదైన బండ్ల వరసలో నిలిపింది.

2020 తరవాత

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. చిన్న డీజిల్ ఇంజినుకి పొగ శుద్ధి చేసే పరికరాలు బిగిస్తే బండి ధరలో వాటి వాటా ఎక్కువైంది. దాంతో చిన్న ట్రక్కుల్లో పెట్రోలు, సీఎన్‌జీ రకాలు ముందుకొచ్చాయి. 2022 మేలో ఏస్ విద్యుత్ రూపం వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ఈ బండ్లకి పెద్ద కొనుగోలుదారు అయింది. 2021 జనవరి 21న ఇంటింటికీ రేషన్ చేర్చడానికి 9,260 చిన్న ట్రక్కుల్ని విజయవాడ నుంచి ప్రారంభించారు. తూకం యంత్రం, మైకు బిగించిన ఆ బండ్లని వివిధ కార్పొరేషన్ల ద్వారా నిరుద్యోగులకి సబ్సిడీ మీద ఇచ్చారు. 2025 జూన్‌లో ఆ పద్ధతి ఆపి, రేషన్ పంపిణీని తిరిగి చౌకధరల దుకాణాలకి అప్పగించారు.

నేడు కొత్త పికప్ కొనేవాడి ముందు టన్ను లోపు చిన్న ట్రక్కులు, ఒకటి నుంచి రెండు టన్నుల బొలేరో తరహా పికప్పులు, నాలుగు తలుపుల సొంత పికప్పులు అనే మూడు వరసలున్నాయి. మొదటి రెంటిలో రోజుకి ఎన్ని ట్రిప్పులు, తిరుగు ప్రయాణంలో లోడు దొరుకుతుందా లేదా, నెలకి కిస్తీ ఎంత అన్న లెక్కే నడుస్తుంది. మూడో వరసలో పన్ను, ప్లేటు రంగు, పార్కింగు చోటు, వెనక సీటు సౌకర్యం ముందుకొస్తాయి. అమ్మకాల్లో పెద్ద వాటా ఇప్పటికీ మొదటి రెండు వరసలదే.