లినీ పుతుస్సేరి: నిపాకు బలైన నర్సు

కేరళలోని కోళికోడ్ జిల్లా పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో లినీ నర్సు. 2018 మే నెలలో తీవ్ర జ్వరంతో వచ్చిన ఓ యువకుడికి దగ్గరుండి సేవ చేశారు. అది నిపా వైరస్ అని అప్పటికి ఎవరికీ తెలియదు. జబ్బు ఆమెకూ అంటుకుంది. గల్ఫ్‌లో పనిచేసే భర్తకు ఐసీయూ నుంచే చీటీ రాశారు: ఇక కలవలేమేమోనని, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని. మే 21న కన్నుమూశారు. వైరస్ పాకుతుందని మృతదేహాన్ని ఇంటికి కూడా పంపలేదు. ఇద్దరు చిన్న కొడుకులు తల్లిలేని వాళ్లయ్యారు. అప్పట్లో నిపా 17 మందిని బలిగొంది. దానికి టీకా ఇప్పటికీ లేదు.

మన ఇళ్ల ఆడపిల్లలూ నర్సింగ్ చదువుతున్నారు. రోగికి వచ్చిన జబ్బేంటో తేలకముందే గ్లవ్స్, మాస్కు వాళ్ల చేతికి అందాలి. లినీని గుర్తుచేసుకోవడమంటే అదే.