మూర్ఛ ఉన్నవారు గర్భం దాలిస్తే.. ఫిట్స్ పెరుగుతాయా? మాత్రలు ఆపేయొచ్చా?

నెల తప్పిందని తెలియగానే మూర్ఛ ఉన్న కొందరు మహిళలు మాత్రలు పక్కన పెట్టేస్తుంటారు. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనన్న భయమే కారణం. కానీ ఇది చాలా ప్రమాదకరం. మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వరుసగా వచ్చే పరిస్థితి ఏర్పడొచ్చు. అది తల్లికీ, బిడ్డకూ ప్రాణాపాయమే.

మరి గర్భం వల్లే ఫిట్స్ పెరుగుతాయా? అమెరికాలో జరిగిన మోనీడ్ అనే అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. గర్భిణుల్లో 23 శాతం మందికి ఆ సమయంలో ఫిట్స్ ఎక్కువయ్యాయి. మూర్ఛ ఉండీ గర్భం లేని మహిళల్లో ఇది 25 శాతం. అంటే పెద్ద తేడా లేదు. అయితే అసలు విషయం వేరే ఉంది. గర్భిణుల్లో 74 శాతం మందికి డాక్టర్లు మందుల డోసు మార్చారు. మిగతావారిలో 31 శాతం మందికే మార్చారు. ఆ జాగ్రత్త వల్లే ఫిట్స్ అదుపులో ఉన్నాయని అనుకోవచ్చు.

డోసు ఎందుకు మార్చాలంటే, గర్భంతో ఉన్నప్పుడు లివర్, కిడ్నీలు కొన్ని మందులను వేగంగా బయటకు పంపేస్తాయి. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ మందుల్లో ఇది ఎక్కువ. అదే మాత్ర వేసుకుంటున్నా రక్తంలో మందు తగ్గిపోతుంది. వేవిళ్లలో మాత్ర వాంతైపోతే మరీ కష్టం.

మన దేశంలో ఈ విషయంపై ఎక్కువ సమాచారం ఉన్నది కేరళలోనే. తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల రిజిస్ట్రీ నడుస్తోంది. అక్కడ దాదాపు 1,300 గర్భాలను పరిశీలిస్తే సగానికి పైగా మహిళలకు గర్భంతో ఉండగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. గర్భానికి ముందు నెలలో ఫిట్స్ వచ్చినవారికి ముప్పు చాలా ఎక్కువ. కాన్పు జరిగే ఆ రెండు మూడు రోజులే అందరికీ గండం. నొప్పులు, నిద్ర లేకపోవడం, హడావుడిలో మాత్ర మర్చిపోవడం.. అన్నీ అప్పుడే కదా!

మూర్ఛ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. చాలామందికి నార్మల్ డెలివరీనే అవుతుంది.

వాల్‌ప్రోయేట్ వాడేవారు మాత్రం గర్భానికి ముందే న్యూరాలజిస్టును కలవాలి. ఆ మందు వాడిన తల్లుల పిల్లల్లో సుమారు 10 శాతం మందికి పెద్ద అవయవ లోపాలు కనిపించాయి. తెలివితేటలపైనా ప్రభావం ఉంటుంది. దాన్ని కూడా సొంతంగా ఆపకూడదు, డాక్టరే మారుస్తారు. ఫోలిక్ యాసిడ్ కూడా ముందు నుంచే మొదలుపెట్టాలి.

ఐదో నెల దాటాక తొలిసారి ఫిట్స్ వస్తే పాత జబ్బు అనుకోవద్దు, కొత్త జబ్బూ అనుకోవద్దు. బీపీ పెరిగి వచ్చే ఎక్లాంప్సియా కావచ్చు. దాని చికిత్స వేరు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కాన్పు తర్వాత రెండు మూడు వారాల్లోనే లామోట్రిజిన్ స్థాయి మళ్లీ పెరిగిపోతుంది. పెంచిన డోసు తగ్గించకపోతే కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం ఉంటాయి. దీన్ని బాలింత నీరసం అనుకుంటారు. పుట్టింటికి వెళ్లి పురుడు పోసుకునే మన దగ్గర డాక్టర్ కూడా మారిపోతారు కాబట్టి పాత చీటీలన్నీ వెంట తీసుకెళ్లడం తప్పనిసరి.

తల్లిపాలు ఇవ్వొచ్చు. చాలా మందులతో ఇబ్బంది ఉండదు. రాత్రి ఒక పూట పాలు ముందే పిండి ఉంచితే అమ్మమ్మో, భర్తో పట్టొచ్చు, తల్లికి నిద్ర దొరుకుతుంది. బిడ్డను నేల మీద చాప వేసుకుని కూర్చునే మార్చాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం స్నానం చేయించొద్దు.